గోసాయికుండం దాకా ముగ్గురం

నేపాల్ పోదామన్న మాట మొదట నా చిన్ననాటి స్నేహితురాలు నర్సు నోటి నుంచి వచ్చింది. డెబ్బైల మొదట్లో, ఒక ఏప్రిల్ సాయంత్రం. బోధన్‌లో మా క్వార్టరు ముందు నవారు మంచం వాల్చుకుని, పచ్చి మామిడి ముక్కలను ఉప్పుకారంలో అద్దుకు తింటున్నాం. చక్కెర ఫ్యాక్టరీలో ఆ ఏటి క్రషింగ్ అప్పుడే ముగిసింది. నెలల తరబడి బారులు తీరి నిలబడే చెరుకు బండ్లు ఒక్కటీ లేక, మా రోడ్డు ఇంకెవరి ఊరి రోడ్డులాగో కనిపిస్తోంది. గాలిలో మొలాసిస్ వాసన మాత్రం ఇంకా వదల్లేదు.

"నాతోని ట్రైనింగ్ చేసిన నేపాలీ పిల్ల ఖాట్మండుల పని చేస్తున్నది. రా రా అని ఒక్కటే తీరుగ పిలుస్తది. ఈ సెలవులల్ల పోదామా?" అంది నర్సు.

నేను నవ్వాను. మోస్రా అక్క నవ్వలేదు.

"ఎంత దూరముంటదే?" అని అడిగింది.

"రైళ్లు మారుకుంట పోవాలె. అటెన్క బస్సు. వేరే దేశం గదా. అయినా మనకు పాస్‌పోర్టు గీస్‌పోర్టు ఏం అక్కర లేదట."

"వేరే దేశం," అని మోస్రా అక్క ఆ మాటను కూడా మామిడి ముక్కలాగే కాసేపు నోట్లో నాననిచ్చింది. "అయితే పోదాం."

మేం ముగ్గురం చిన్నప్పుడు బోధన్‌లో ఒకే బడిలో చదువుకున్నాం. మోస్రా అక్క మా ఇద్దరికన్నా కొంచెం పెద్దది. ఏడో తరగతి కాగానే ఆమెకు పెళ్లి చేసి మోస్రా ఊరికి పంపారు, అప్పటి నుంచి మాకు మోస్రా అక్క. భర్త పోయాక, ఇద్దరు ఆడపిల్లలను, అత్తను, చెరుకు తోటను, పసుపు మడిని ఆమే చూసుకునేది. నర్సుది నిజామాబాదు నుంచి బోధన్ వచ్చిన మెథడిస్టు కుటుంబం. ఆసుపత్రిలో పని. ఊరంతా సిస్టరమ్మ అనేవారు, మేం మాత్రం వట్టి "సిస్టర్" అని ఆటపట్టించేవాళ్లం. నేను బోధన్‌లోనే ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. అప్పటికి మేం చూసిన దూరాలు బాసర, నాందేడ్, హైదరాబాదు. అంతకు మించి పోవాలన్న ఆలోచన కూడా మాకెవరికీ వచ్చినట్టు గుర్తు లేదు.

మా ఆయన ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవారు. ఆయన కాదనలేదు. "నువ్వు లేకుంటే వంట నేర్సుకుంట తియ్," అన్నారు. భయమల్లా మోస్రాలో ఏమంటారోనని. నేనూ నర్సూ కలిసే వెళ్లాం. అక్క మరిది అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విషయం వినగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ముగ్గురు ఆడోళ్లే పోతరా? మొగోడు తోడు లేకుండ? దారి తప్పితే ఎవ్వలు దిక్కు?"

లోపల బియ్యం చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టి బయటికొచ్చింది. వంగిపోయిన మనిషి, గొంతు మాత్రం నిటారుగా ఉండేది.

"ఏందిరా దారి తప్పేది? సెరుకు నరికిచ్చి, పసుపు ఉడికిచ్చి, లారీకెక్కిచ్చి నిజామాబాద్ గంజు బజార్ల అమ్ముకొచ్చేది ఎవ్వలు? నువ్వా? గప్పుడు లేని తోడు గిప్పుడెందుకు?" అని కొడుకును గద్దించి, కోడలి వైపు తిరిగింది. "పోయి రా బిడ్డా. పిల్లలను నేను సూస్కుంట. వానలు పడేటాల్లకు మాత్రం ఇంట్లుండాలె."

అంతే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నర్సూ నేనూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

నర్సుకు ఇంకో ఆలోచన కూడా ఉంది. ఆ నేపాలీ స్నేహితురాలు పట్నం చూపించడమే కాదు, మంచు కొండల మీద ఉన్న గోసాయికుండం అనే సరస్సు దాకా నడిపించే ఏర్పాటు చేస్తానన్నదట. శివుడు విషం మింగినప్పుడు గొంతు మంట చల్లార్చుకోవడానికి త్రిశూలంతో పొడిచి నీళ్లు తెప్పించిన చోటని అక్కడివాళ్ల నమ్మకం. అది విన్నాక మోస్రా అక్కను ఆపే శక్తి ఎవరికీ లేకుండా పోయింది. రోజూ తెల్లారగట్ల నేను నిజాంసాగర్ కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టాను. నర్సు ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగేది. మోస్రా అక్క ఏ సాధనా చేయలేదు. "నేను దినాం నడుస్తనే ఉన్న గదనే," అనేది. నిజామాబాదు బజారులో ముగ్గురికీ కాన్వాసు బూట్లు కొన్నాం. ఆమె వాటిని పొలంలో తొడుక్కుని తిరిగితే కూలీలు పని మానేసి చూశారట. చలికి స్వెటర్లు చాలవని, గొల్లవాళ్ల దగ్గర మూడు నల్ల గొంగళ్లు తెచ్చింది.

మన్మాడు, మొగల్‌సరాయ్ మారి పట్నా చేరేసరికి రైలు బొగ్గు నుసితో మా చీరల రంగులు మారిపోయాయి. పట్నాలో గంగ మీద స్టీమరు ఎక్కాం. గోదావరి చూసి పెరిగిన వాళ్లమే అయినా, అవతలి ఒడ్డు కనపడని ఆ నీళ్లను మెడలు చాచి చూశాం. అక్కడి నుంచి మళ్లీ చిన్న రైలు, చివరికి రక్సౌల్, ఆ పైన టాంగా. సరిహద్దులో పెద్ద కమాను ఒకటి దాటగానే టాంగావాడు "నేపాల్" అన్నాడు. మోస్రా అక్క వెనక్కి తిరిగి చూసింది, ముందుకు చూసింది. అటూ ఇటూ అవే రేకుల కొట్లు, అవే ఈగలు.

"గంతేనా? ఆపు జర," అని దిగి, పంపు దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగింది. "నీళ్లు వేరే ఉన్నయ్ తియ్. దేశం మారినట్టే," అని తీర్పు చెప్పి ఎక్కింది.

కొండ దారిలో బస్సు రోజంతా మెలికలు తిరిగింది. సగం మంది కిటికీల్లోంచి తలలు బయట పెట్టి వాంతులు చేసుకున్నారు. నర్సు వాళ్లకు నిమ్మకాయలు పంచుతూ బస్సులోనే ఆసుపత్రి తెరిచింది. దారి మధ్యలో ఒక కనుమ దగ్గర బస్సు ఆగింది. టీ గ్లాసులు చేత పట్టుకుని నిలబడ్డాం. అప్పటిదాకా కమ్ముకున్న మసక ఉన్నట్టుండి విడిపోయింది. ఎదురుగా కొండలు, వాటి వెనక ఇంకా కొండలు, వాటన్నిటి పైన తెల్లటి బారు.

"మబ్బులెంత తెల్లగున్నయే," అంది మోస్రా అక్క.

"అవి మబ్బులు కావక్కా. మంచు కొండలు."

ఆమె మెడ ఇంకా పైకెత్తింది. గ్లాసులో టీ చల్లారిపోయేదాకా అలాగే నిలబడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్పలేను. ఏడుపు కాదది.

ఖాట్మండులో నేపాలీ నర్సు ఇల్లు పాత బస్తీలో ఉండేది. చెక్కిన చెక్క కిటికీలు, నిచ్చెనలాంటి మెట్లు, పైఅంతస్తులో వంటిల్లు. ఆమె మమ్మల్ని కౌగిలించుకుని, నర్సు వీపు మీద గట్టిగా చరిచింది. మా నిజామాబాదు ఉర్దూ అక్కడ బాగానే నడిచింది. కొన్ని రోజులు పట్నం అంతా తిరిగాం. స్వయంభూ స్తూపం మెట్లెక్కి కోతుల చేత అరటిపళ్లు పోగొట్టుకున్నాం. గుడారంలా పెద్ద తెల్ల గుమ్మటం ఉన్న బౌద్ధ స్తూపం దగ్గర, ఆ గుమ్మటం మీద వేసిన కళ్లు మేం ఎటు తిరిగితే అటు చూస్తున్నాయని నర్సు పందెం కట్టింది. కుమారి ఇంటి వాకిట్లో నిలబడితే, దేవతగా కొలిచే చిన్నపిల్ల కాటుక కళ్లతో కిటికీలోంచి ఒక్క క్షణం తొంగిచూసి లోపలికి వెళ్లిపోయింది. "పాపం, ఆడుకోనిస్తరో లేదో," అని మోస్రా అక్క ఆ రోజంతా బెంగపడింది.

పశుపతి గుడి ముందు హిందువులకు మాత్రమే ప్రవేశం అని బోర్డు ఉంది. మేమిద్దరం ఆగిపోయాం. నర్సే మమ్మల్ని ముందుకు తోసింది. "పోయి రాండ్రి. నాకు బయటనే మంచిగుంది. ఈడ కోతులు గూడ మర్యాదగున్నయ్," అంది. మేం గబగబా దర్శనం చేసుకుని వచ్చాం. ఆ తర్వాత మోస్రా అక్క నర్సు చెయ్యి పట్టుకుని వంతెన దాటించి, నదికి అవతలి గట్టు మీది మెట్లపై కూర్చోబెట్టింది. అక్కడి నుంచి గుడి బంగారు కప్పు మొత్తం కనిపిస్తుంది. "ఇగ సూడు. లోపట నిలవడితే గింత కనవడదు," అంది. ముగ్గురం పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాం.

రాజభవనం దగ్గర గుడి మెట్ల నిండా హిప్పీలు ఉండేవారు. అందులో ఒక తెల్లపిల్ల మోస్రా అక్క కాళ్ల కడియాలను చూసి దగ్గరికొచ్చి, నేల మీద కూర్చుని వాటిని తడిమింది. అక్క ఆ పిల్ల జుట్టును చూసింది. జడలు కట్టి గడ్డివాములా ఉంది. "అయ్యో, అవ్వ లేదా ఈ పిల్లకు?" అని సంచిలోంచి కొబ్బరినూనె, దువ్వెన తీసి, అక్కడే మెట్ల మీద కూర్చోబెట్టుకుని చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఆ పిల్ల అరిచింది, నవ్వింది, చివరికి అక్క మోకాలి మీద తల వాల్చి ఊరుకుంది. రెండు జడలు వేసి లేపేసరికి చుట్టూ ఉన్న హిప్పీలంతా చప్పట్లు కొట్టారు.

అసన్ బజారులో మసాలా కొట్టు దగ్గర ఇంకో గెలుపు. అక్క ఒక పసుపు కొమ్ము తీసుకుని పుటుక్కున విరిచి, వాసన చూసి, రంగు చూసి, కొట్టువాడి చేతిలో పెట్టేసింది. మా వైపు తిరిగి, "మన దిక్కుదే నయం," అంది. నిజామాబాదు గంజులో ధర పెరిగినప్పుడు కూడా ఆమె ముఖం అంత వెలగడం నేను చూడలేదు.

గోసాయికుండానికి మమ్మల్ని తీసుకుపోవడానికి తమాంగ్ అనే కొండ తెగ స్త్రీ ఒకామె వచ్చింది. దారిలోనే ఆమె ఊరు. మా ఈడుదే, పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ నవ్వే మనిషి. అక్కడ అక్కను దీదీ అంటారు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. సామానంతా ఒక బుట్టలో వేసుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని నడిచేది. లారీలో త్రిశూలి బజారు చేరి అక్కడి నుంచి కాలినడక పట్టాం.

మొదటి రోజే నా డ్రిల్లు గర్వం అణిగింది. నేను వడివడిగా నడిచి మలుపు దగ్గర ఆయాసపడుతూ కూర్చునేదాన్ని. మోస్రా అక్క చెరుకు మడిలో నడిచినట్టే ఒకే తీరుగా వచ్చి నన్ను దాటిపోయేది. ధున్‌చే ఊరు దాటాక దారి నిట్టనిలువు. అంతలో అడవి మొదలైంది. ఆకులు కనపడనంతగా ఎర్రటి పూలు పూసిన పెద్ద పెద్ద చెట్లు, మన మోదుగులు కొండెక్కి వచ్చాయా అన్నట్టు. నర్సు ఒక పువ్వు జడలో పెట్టుకుంది. ముప్పై దాటిన మేం ముగ్గురం ఆ అడవిలో పాడుకుంటూ నడిచాం. మా ఊళ్లో ఎవరైనా చూస్తే మతి చలించిందనుకునేవారు.

చందన్‌బారి అనే చోట జడలబర్రె పాలతో జున్ను గడ్డలు చేసే కొట్టం దగ్గర ఆగాం. అక్కడ పై నుంచి దిగి వచ్చిన నలుగురు మగవాళ్లు కనిపించారు. మన దేశం వాళ్లే, ఉత్తరాది పట్నం నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. తోలు బూట్లు, పెద్ద పెద్ద సంచులు. ఒకాయన గోడకు ఆనుకుని తల పట్టుకుని కూర్చున్నాడు. వాంతులట. నర్సు ఏమీ అడక్కుండానే వెళ్లి ఆయన నాడి చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది.

"కొండ ఎత్తు పడలేదు. మందు దిగడమే. ఇక్కడ ఆగొద్దు, ఇప్పుడే కిందికి తీసుకుపోండి," అని హిందీలో గట్టిగా చెప్పింది.

వాళ్లలో పెద్దాయన తలూపి, మా ముగ్గురి చీరలను, కాన్వాసు బూట్లను చూశాడు. "అమ్మా, మేమే పోలేకపోయాం. దారి మీద మంచు ఉంది. మీరు కూడా మాతో దిగండి," అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే మా మంచి కోరి అన్నాడు. అందుకే ఆ మాట ఎక్కువ భయపెట్టింది.

వాళ్లు దిగిపోయాక ముగ్గురం పొయ్యి చుట్టూ కూర్చున్నాం. నర్సు వేలు చూపిస్తూ చెప్పింది.

"సూడుండ్రి. మనం మెల్లగ పోదాం. తల నొచ్చినా, కడుపుల తిప్పినా ఎవ్వలు దాచొద్దు. దాచినోళ్లతోని నేను జన్మల మాట్లాడ. చెప్పంగనే దిగుడే. ఒప్పుకుంటె పోదాం."

"ఒప్పుకున్న," అంది మోస్రా అక్క. నేనూ ఒప్పుకున్నాను.

మర్నాడు చెట్లు చిన్నవై, పొదలై, చివరికి వట్టి గడ్డి మిగిలింది. లౌరీబినా గుట్ట మీద గొర్రెల కాపరుల రాతి కొట్టం చేరేసరికి నా కణతలు టపటప కొట్టుకుంటున్నాయి. నర్సుకిచ్చిన మాట గుర్తొచ్చి చెప్పేశాను. నర్సు నా సంచి తీసి దీదీ బుట్టలో వేసింది. అందరం వచ్చిన దారినే దిగి, అడవి అంచున ఇంకో పశువుల పాక చేరాం. కష్టపడి ఎక్కిన మెట్టంతా దిగిపోతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"నా ఒక్కదాని కోసం మీరు కూడా..." అన్నాను.

మోస్రా అక్క తన గొంగడి కూడా నా మీద కప్పింది. "ఎందుకేడుస్తవ్ పిల్లా? గుండమేమన్న నడిచి వోతదా? గాడ్నే ఉంటది. నువ్వు బువ్వ తిని పండు."

ఆలుగడ్డలు ఉడికించి, ఉప్పూ మిరపకాయా నూరి పెట్టింది దీదీ. కడుపు నిండా తిని పడుకున్నాను. లేచేసరికి తల తేలిగ్గా, ఆకాశం అద్దంలా ఉన్నాయి. ఆ రోజంతా నర్సు నన్ను కదలనివ్వలేదు. ఆ తర్వాతి ఉదయం మళ్లీ ఎక్కాం. ఈసారి నేను మోస్రా అక్క వెనక, ఆమె అడుగు తీసిన చోట అడుగు వేస్తూ నడిచాను. లౌరీబినా వచ్చింది, పోయింది. తల నొప్పి రాలేదు.

గుట్ట అంచు దాటాక దారి కొండ పక్కన సన్నటి గీతలా సాగింది. ఎడమ చేతి వైపు చూస్తే లోయ అడుగు కనపడలేదు. ఇంకాస్త దూరం పోతే నీలమణిలాంటి చెరువు వస్తుందని దీదీ చెబుతుండగానే, మలుపు తిరిగి అందరం ఆగిపోయాం. కొండ మీది నుంచి జారిన మంచు, దారిని మింగేసి, నున్నటి వాలులా కిందికి దిగిపోయింది. మగవాళ్లు వెనక్కి తిరిగింది ఇక్కడేనన్న మాట. వాలుకు అవతల దారి మళ్లీ కనిపిస్తోంది, మా బడి వరండా పొడవంత దూరంలో.

దీదీ కర్రతో మంచును పొడిచి చూసింది. "గట్టిగా ఉంది. నేను దాటగలను. మీ బూట్లు జారతాయి," అంది.

నర్సు నా వైపు చూసింది. అప్పుడు మోస్రా అక్క చీర కుచ్చిళ్లు పైకి తీసి, వెనక్కి కాసె బిగించింది. చెరుకు కోతలప్పుడు అలాగే కట్టుకుంటుంది. దీదీ నడుము దగ్గరున్న ఖుక్రీ కత్తిని చూపించి చెయ్యి చాపింది.

"గది ఇయ్యి. మెట్లు గొడ్త."

"అక్కా, వద్దు," అన్నాను.

"వట్టిగ పోతనా? నన్ను కట్టేసి పట్టుకోండ్రి."

సంచుల్లోంచి నేత చీరలు తీశాం. రెండేసి చొప్పున మెలిపెట్టి, ముడి మీద ముడి వేసి తాడు చేశాం. ఆ ముడులు వేసింది నర్సు. కట్లు కట్టే చేతులవి. ఒక కొస అక్క నడుముకు, ఇంకో కొస ఒక పెద్ద బండకు చుట్టి నేను కాళ్లు తన్నిపెట్టి పట్టుకున్నాను. దీదీ ఆమెకు కింది వైపు కర్ర పాతి నిలబడింది. అక్క నడుము వంచి, ఒక చేత్తో మంచు పట్టుకుని, ఇంకో చేత్తో కత్తి వేసింది. మంచు పెళ్లలుగా లేచి లోయలోకి దొర్లింది. ఒక అడుగు పట్టేంత గుంట. అందులో కాలు పెట్టి ఇంకో గుంట. చెరుకు గడను మొదలంటా నరికే చేతి విసురే అది. చలికి ఆమె ముక్కు ఎర్రబడింది, నోట్లోంచి పొగ వస్తోంది. మధ్యలో ఒకసారి కాలు జారింది. తాడు నా అరచేతులను కోసుకుంటూ బిగిసింది. ఆమె మోకాలి మీద నిలదొక్కుకుని వెనక్కి తిరిగి చూసింది.

"పట్టుకున్నవా?"

"పట్టుకున్న అక్కా!"

"అయితే ఫికర్ లేదు," అని మళ్లీ కత్తి ఎత్తింది.

అవతలి ఒడ్డు మీద ఆమె నిలబడి రెండు చేతులూ పైకెత్తినప్పుడు మేం పెట్టిన కేకకు పై నుంచి చిన్న చిన్న రాళ్లు రాలాయి. ఆమె తాడు అక్కడ బండకు కట్టింది, ఇవతలి కొసను నేను ముడి వేశాను. దాన్ని పట్టుకుని ఆ గుంటల్లో అడుగులు వేస్తూ నర్సు వెళ్లింది, ఆ వెనక నేను. దీదీ చివరగా మా ఇవతలి ముడి విప్పి నడుముకు చుట్టుకుని, బుట్టతో సహా బజారులో నడిచినంత తేలిగ్గా వచ్చేసింది. నలుగురం ఒకరినొకరం పట్టుకుని నవ్వుతూనే ఉన్నాం.

గోసాయికుండం చేరినప్పుడు ఎండ నడినెత్తి మీద ఉంది. సగం నీళ్లు, సగం మంచుపలక. నీళ్లున్న చోట నీలం ఎంత చిక్కగా ఉందంటే, ముంచిన చెయ్యి రంగు అంటుకుని వస్తుందేమో అనిపించింది. చుట్టూ రాళ్లు, వాటి మీద పాత త్రిశూలం, గాలికి చిరిగిన రంగు గుడ్డ పీలికలు. మేం నలుగురం తప్ప మనిషి లేడు.

మోస్రా అక్క బూట్లు విప్పి నీళ్లలోకి దిగింది. చలికి కెవ్వుమంది గానీ వెనక్కి రాలేదు. మూడు దోసిళ్లు నెత్తి మీద పోసుకుంది. కళ్లు మూసుకుని పెద్దగా, ఎదురింటి వాళ్లను పిలిచినట్టు, "వచ్చిన సామీ! మోస్రా కెల్లి వచ్చిన!" అంది. ఏమీ కోరలేదు. వచ్చానని చెప్పింది, అంతే. నర్సు ఒక బండ మీద నిలబడి, తమ చర్చిలో పండుగనాడు పాడే స్తుతి కీర్తన ఎత్తుకుంది. ఆమె గొంతు కొండలకు తగిలి రెండింతలై వచ్చింది. దీదీ రాతి మీద రాయి పేర్చి దణ్ణం పెట్టుకుంది. నాకు కీర్తన రాదు, మొక్కు లేదు. మెడలో డ్రిల్లు విజిల్ ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని ఊపిరున్నంత సేపు ఊదాను. కొండలన్నీ తిరిగి ఊదాయి. ముగ్గురూ ఉలిక్కిపడి నన్ను చూసి, కడుపు పట్టుకుని నవ్వారు.

దిగేటప్పుడు మేం కొట్టిన మెట్లే మమ్మల్ని దాటించాయి. ధున్‌చేలో ఆ నలుగురు మగవాళ్లు ఇంకా ఉన్నారు. జబ్బు పడ్డాయన కోలుకుని ఎండలో కూర్చుని నారింజ పండు ఒలుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"మంచు దగ్గర నుంచి తిరిగొచ్చారా?" అని అడిగాడు.

నర్సు సంచిలోంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది. "గోసాయికుండం నీళ్లు. తాగండి."

ఆయన సీసాను చూశాడు, మోస్రా అక్క చేతుల మీద మంచు కోసిన గాట్లను చూశాడు. చేతులు జోడించాడు. జబ్బు పడ్డాయన మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టి, మా అందరికీ టీ చెప్పాడు. ఆ టీ తాగుతూ మోస్రా అక్క వాళ్లకు మంచులో మెట్టు ఎలా కొట్టాలో చేతులతో చూపించింది. వాళ్లు శ్రద్ధగా విన్నారు. మరుసటి ఏడు తప్పక వస్తామన్నారు.

మేం నిజామాబాదులో దిగేసరికి తొలి వాన ఇంకా పడలేదు. మోస్రాలో అక్క అత్త వాకిట్లోనే కోడలి ముఖం రెండు చేతులతో పట్టుకుని, ఎండకు, మంచుకు పొట్టు లేచిన చెంపలను తడిమి, "ఎంత నల్లవడ్డవే!" అని మురిసిపోయింది. ఆ వారమంతా వాళ్లింటికి ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు. జక్రాన్‌పల్లి నుంచి అక్క పిన్ని కూతురు కూడా బస్సెక్కి వచ్చింది. అందరికీ అక్క ఒకటే మాట చెప్పేది. "గది కష్టమే. గని మనకు గాదు."

బడి తెరవగానే నేను పెద్ద టీచరమ్మ గదికి వెళ్లాను. మా బడి ఆడపిల్లలను సిరికొండ గుట్టలు ఎక్కిస్తానని అడిగాను. అప్పటిదాకా మా పిల్లలు ఊరి పొలిమేర దాటి ఆటలకు పోలేదు. ఆమె కళ్లద్దాలు తీసింది. "ఆడపిల్లలను అడవికా? ఇంట్లోళ్లు ఒప్పుకుంటరా?" అంది. "నేను అడుగుత," అన్నాను. ఇల్లిల్లూ తిరిగాను. కొందరు పిల్లల బాపులు ముందు వద్దన్నారు. నర్సు సెలవు పెట్టి తోడొస్తుందని చెప్పాక మెత్తబడ్డారు. మోస్రా అక్క కూడా వస్తుందని తెలిశాక, ఆమె కథ అప్పటికే విన్న తల్లులు తామే వెంటబడి పంపారు.

వానలు వెలిశాక, చలి మొదలైన రోజుల్లో సిరికొండ దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడిచాం. టేకు చెట్ల మధ్య దారి. పిల్లలు చెప్పులు చేతుల్లో పట్టుకుని, పరికిణీలు ఎగగట్టుకుని ఎక్కారు. ముందు మోస్రా అక్క, వెనక నర్సు, మధ్యలో నేను. గుట్ట కొసకు చేరాక పిల్లలు ఎవరూ చెప్పకుండానే తమ తమ ఊళ్లున్న దిక్కుకు తిరిగి ఊరి పేర్లు అరవడం మొదలుపెట్టారు. బోధన్, వర్ని, మోస్రా, ఎడపల్లి. ఒకరి గొంతు మీద ఒకరి గొంతు. దిగేటప్పుడు ఏ ఒక్క పిల్లకూ నడవమని చెప్పే పని పడలేదు. మెల్లగా పొమ్మని అరిచి అరిచి నా గొంతు పోయింది.